కాన్పు గదిలో కొలబద్ద ఎవరిది?

నర్సులకు ఒక కొత్త పద్ధతి నేర్పి, దానివల్ల ఏం మారిందో తేల్చే పరిశోధనల్లో అసలు నిర్ణయం పని మొదలుకాక ముందే జరిగిపోతుంది. మార్పును దేనితో కొలవాలి? ఇది నిపుణులు తేల్చుకునే సాంకేతిక విషయంగా కనిపిస్తుంది. కానీ లెక్కలోకి రానిది ప్రభుత్వ విధానంలోకీ రాదు. కాబట్టి ఇది స్త్రీల హక్కుల ప్రశ్న.

ఉత్తరప్రదేశ్‌లో 120 ఆరోగ్య కేంద్రాల్లో జరిగిన 'బెటర్‌బర్త్' అధ్యయనం ఫలితాలు 2017లో వెలువడ్డాయి. సగం కేంద్రాల్లో కాన్పులు చేసే సిబ్బందికి పాటించాల్సిన జాగ్రత్తల పట్టిక ఇచ్చి, పక్కనుండి నేర్పించారు. రెండు నెలలకు అక్కడ ఆ జాగ్రత్తల్లో 73 శాతం పాటిస్తుంటే, మిగతా కేంద్రాల్లో 42 శాతమే పాటించారు. అయినా తల్లీబిడ్డల మరణాల్లో, తల్లుల తీవ్ర అనారోగ్యంలో తేడా రాలేదు. జాగ్రత్తలను మాత్రమే కొలిచి ఉంటే ఘనవిజయం అనేవారు. మరణాలను మాత్రమే కొలిచి ఉంటే నర్సుల శ్రమ అంతా వృథా అనేవారు. రెండూ కొలిచారు గనుకే మందులు, రక్తం, డాక్టరు, పెద్దాసుపత్రికి చేర్చే వాహనం సంగతేమిటని మనం అడగగలుగుతున్నాం. అయితే ఆ లెక్క కాన్పైన ఏడు రోజులతో ఆగిపోయింది. మానని కుట్లూ, నెలల తరబడి వెంటాడే దిగులూ దానికి అందవు.

మన దగ్గరకు వద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. తెలంగాణలో 2017 నుంచి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ఇస్తున్నారు. ఇది ఆహ్వానించదగ్గదే. కానీ సిజేరియన్లు ఎన్ని తగ్గాయన్నదొక్కటే కొలమానమైతే, ఆపరేషన్ నిజంగా అవసరమైన స్త్రీని కూడా అంకె కోసం నొప్పులతో ఆపే ప్రమాదముంది. అనవసరపు కోత ఎంత హింసో, అవసరమైనప్పుడు అందని కోతా అంతే హింస.

ప్రసవ సమయంలో గౌరవం, తనకు నచ్చిన తోడు ఉండటం మంచి వైద్యంలో భాగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టంగా చెప్పింది. వాటినీ కొలవాలి. కానీ వార్డులో మంచం మీదున్న మనిషిని "బాగా చూసుకున్నారా?" అనడిగితే "బాగానే చూశారమ్మా" అనక ఏమంటుంది? ఆసుపత్రికి సంబంధం లేనివాళ్లు ఇంటికెళ్లి అడగాలి. కొట్టారా, తిట్టారా, కోసే ముందు చెప్పారా, ఒంటరిగా వదిలేశారా అని విడివిడిగా అడగాలి. ఒక్కో నర్సు ఒక్క షిఫ్టులో ఎందరిని చూడాల్సి వచ్చిందో కూడా నమోదు చేయాలి. లేకపోతే వ్యవస్థ తప్పును నర్సు మీదకే తోస్తారు.

మన ప్రాంతాల్లో ఇలాంటి అధ్యయనానికి సహకరించమని సంస్థలను అడిగినప్పుడు, సంతకం పెట్టే ముందు ఒక్కటి అడుగుదాం: ఏం కొలవాలో నిర్ణయించినప్పుడు అక్కడ కాన్పైన స్త్రీ ఒక్కతైనా ఉందా?