కానరాని మేలు

వ్యాధి ముదిరిన పిదప వైద్యుని వెదకుట లోకస్వభావము. ఏ బాధయు లేని వానిని పిలిచి, “ఒకమాఱు వచ్చి పరీక్ష చేయించుకొనుము” అన్నచో అతడు నవ్విపోవును. ఆ పరీక్ష మలద్వారము గుండ ప్రేగులోనికి గొట్టమును పంపునదైనచో నవ్వు మాని ముఖము త్రిప్పుకొనును. బ్రిటనుకు చెందిన వెండీ అట్కిన్ అను పరిశోధకురాలు ఇట్టి పిలుపు కొఱకే అనేక సంవత్సరములు శ్రమించెను.

పెద్దప్రేగు క్యాన్సరు ఒక్కనాట పుట్టునది కాదు. ప్రేగు లోపలి పొరపై మొదట చిన్న కండపిలక మొలచును. దీనిని వైద్యులు పాలిపు అందురు. వీనిలో పెక్కు ఏ కీడును చేయవు. కొన్ని మాత్రము పెరిగి పెరిగి, సాధారణముగ పదియేండ్లకో అంతకు మించియో క్యాన్సరుగ మాఱును. ఈ వ్యవధియే మానవునకు దక్కిన అవకాశము. పిలకగా నున్నప్పుడే సన్నని తీగ ఉచ్చుతో త్రుంచివేసినచో ఆ పిలకనుండి వ్యాధి పుట్టనే పుట్టదు. త్రుంచునప్పుడు నొప్పియు తెలియదు.

అయితే ఆ పిలకను చూచుట యెట్లు? పూర్వము బేరియము కలిపిన తెల్లని ద్రవమును ప్రేగులోనికెక్కించి ఎక్స్‌రే తీయుచుండిరి. అందు కనబడునవి నీడలే. 1954లో హాప్కిన్సు అను ఆంగ్లేయుడును, పంజాబువాడైన నరీందర్ సింగ్ కపానియు గాజుదారముల కట్ట గుండ బొమ్మను వంకరత్రోవను సైతము పంపవచ్చునని లండనులో చూపిరి. వంగుచు సాగు పరీక్షా గొట్టములకు అదియే బీజము.

1993లో అట్కిన్ సహచరులతో కలిసి ఒక ప్రశ్న వేసెను: ఏబదియైదేండ్లు దాటినవారికి జన్మలో ఒక్కమాఱు ప్రేగు క్రిందిభాగమును మాత్రము చూచినచో చాలదా? ఈ క్యాన్సర్లలో ఇంచుమించు మూడింట రెండు పాళ్లు అచ్చటనే పుట్టును. చాలుననుట సులభము, నిరూపించుట కష్టము. బ్రిటనులోని 14 కేంద్రములలో, 55 నుండి 64 ఏండ్లవారికి జాబులు వ్రాసి, “పిలిచినచో వత్తురా?” యని ముందుగ అడిగిరి. వత్తుమన్నవారిలో 1,70,000 మందికి పైగా చీట్లు వేసినట్లు విభజించి, కొందఱిని పిలిచి తక్కినవారిని పిలువక విడిచిరి. చిత్రమేమన, వత్తుమని మాట యిచ్చినవారిలోను నూటికి 71 మందియే వచ్చిరి. మాటకంటె సిగ్గు బలమైనది కాబోలు!

ఆ పిమ్మట చేయదగిన పని ఒక్కటే, వేచియుండుట. ఎవరికి వ్యాధి వచ్చెనో, ఎవరు మరణించిరో వ్రాసికొనుచు పదునొకండేండ్లకు పైగా కనిపెట్టుకొనియుండిరి. 2010లో ఫలితము వెలువడెను. పరీక్ష చేయించుకొన్నవారిలో ఈ వ్యాధి నూటికి 33 వంతులు, దానివలని మరణములు 43 వంతులు తగ్గెను.

ఆ కాలములో ఒక్కనికి వ్యాధి రాకుండ చేయుటకు 191 మందిని పరీక్షింపవలసివచ్చెను. తక్కిన 190 మంది శ్రమ వృథాయే గదా యని ఆక్షేపించువారు గలరు. తేలికగ త్రోసివేయదగిన ఆక్షేపణ కాదది. ఆరోగ్యవంతుని ఒడలిలోనికి గొట్టము పంపుట చిన్నపనియా? కాని ఆ ఒక్కడెవడో ముందుగ చెప్పగలవారెవరు? చెఱువుకట్ట మీది ఎలుక కలుగులన్నిటిని పూడ్చువాడు, ఏ కలుగున గండి పడియుండెడిదో ఎఱుగడు. అంతమాత్రమున వాని పని వృథా యనువాడు ఆయకట్టు రైతులలో ఒక్కడైన నుండునా?

రోగము కుదిరినవాడు వైద్యునకు చేతులెత్తి మ్రొక్కును. రోగము రానివాడు ఎవరికి మ్రొక్కవలెను? తాను రక్షింపబడితినని వానికే తెలియదు. అట్కిన్‌కును ఆ మనుష్యుడు ఎదురుపడలేదు, లెక్కలలో మాత్రమే కనబడెను. ఎదుట పడని వారి కొఱకు ఇన్నేండ్లు ఓర్చినవారిని శస్త్రవైద్యులతో సమానముగ గౌరవించుట న్యాయము.

2013లో ఇంగ్లండున ఈ పరీక్షను 55 ఏండ్లవారికి ప్రవేశపెట్టిరి. మొదట పిలువబడినవారిలో సగము మందియు రాలేదు. అట్కిన్ 2018లో మరణించెను. 2021లో ఆ పథకమును నిలిపివేసిరి. ఇప్పుడు అచ్చట చిన్న గొట్టమొకటి టపాలో ఇంటికే వచ్చును. అందు కొంచెము మలముంచి తిరిగి పంపినచో, కంటికి కానరాని నెత్తురు జాడను ప్రయోగశాలలో పట్టుదురు. జాడ దొరికినవారినే ప్రేగు పరీక్షకు పిలుతురు. ఇంటిలో తలుపు వేసికొని చేసికొను పని గనుక, సిగ్గరులు పలువురు దీనికి సమ్మతించుచున్నారు.