హోళి కాదు, హొళి

రైలు కిటికీలోంచి తీసిన ఫోటోలో కాస్త నీళ్లు, ఒక స్తంభం కనిపిస్తే చాలు, మన ఇళ్లలో దాని కింద "గోదావరి బ్రిడ్జి, రాజమండ్రి" అని రాసేస్తాం. ఎవరూ అడగరు. అడగాలని మాకూ తోచలేదు, నాయనమ్మ ఫోటో విషయంలో మా తప్పు మాకే దొరికేదాకా.

ఆ ఫోటో మనవాళ్లందరికీ తెలిసిందే. 1969 నాటిది. కిటికీ ఊచల మధ్య నుంచి నాయనమ్మ చెయ్యి బయటికి చాచి ఉంది, పైసా విసరబోతోంది. కింద నది. ఆవిడ పెద్దకర్మకి వేయించిన చిన్న పుస్తకంలో ఆ ఫోటో కింద "హోళి వెళ్లాక పుట్టింటికి వస్తూ, రాజమండ్రి గోదావరి మీద" అని అచ్చు వేయించాం. అందరం మురిసిపోయాం.

ఆ వాక్యం ఊరికే రాలేదు. ఫోటో వెనక తాతయ్య రాసిన రెండు మాటలున్నాయి. రాజమండ్రిలో ఉండే మా పెద్దలు దాన్ని "హోళి దాటేప్పుడు" అని చదివారు. పండగ వెళ్లిన రోజుల్లో అన్నమాట అని అర్థం చెప్పారు. మేమేమో కన్నడ మీడియంలో చదువుకున్నవాళ్లం. తాతయ్య గొలుసుకట్టు రాత కూడబలుక్కోవడం ముప్పై దాటాక నేర్చుకున్నాం. అందుకే అప్పుడు పెద్దల మాటకి తలూపాం.

పోయిన ఏడాది ఫోటోలన్నీ స్కాన్ చేస్తుంటే ఆ అక్షరం తెర మీద పెద్దదిగా కనిపించింది. దీర్ఘం లేదు. హోళి కాదు, హొళి. రాయచూరు పక్క పుట్టిన ఏ పిల్లాడినడిగినా చెప్తాడు. కన్నడంలో హొళె అంటే నది, మా వైపు మాట్లాడేటప్పుడు హొళి అంటాం. తాతయ్య తెలుగు అక్షరాల్లో కన్నడ మాట రాశారు. "ఏరు దాటేప్పుడు" అని దానర్థం. పండగా లేదు, మార్చి నెలా లేదు. పైగా తాతయ్య గోదావరిని చివరిదాకా గోదారి అనే అన్నారు, హొళి అని ఒక్కసారీ అనలేదు.

మరి ఏ ఏరు? ఆఫీసులో మా పని సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. నమ్మకంగా చెప్పినంత మాత్రాన ఏదీ నిజం కాదని రోజూ నేర్పే పని అది. కాబట్టి నెగటివ్‌లు వెతికాం. బాబాయి దగ్గర ఆ రోజుల్లో ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేది, రోలుకి పన్నెండు చదరపు ఫోటోలు. నెగటివ్‌లు మూడేసి చొప్పున కత్తిరించి కవర్లో పెట్టి ఉన్నాయి. ఒకే ముక్క మీద మొదట రాయచూరు ప్లాట్‌ఫారం, వెనక పసుపు బోర్డు మీద కన్నడ అక్షరాలు. మధ్యలో నాయనమ్మ చెయ్యి. తర్వాత ఆదోని స్టేషన్, బోర్డు మీద తెలుగు. రాయచూరుకీ ఆదోనికీ మధ్య రైలు దాటే పెద్ద నది ఒక్కటే, తుంగభద్ర. నది అడుగున బండరాళ్లు, చేతికందేంత దగ్గరగా అవతలి గట్టు. అది రాజమండ్రి గోదావరి ఎలా అవుతుందని మాకు ముందే అనుమానం రావలసింది.

ఇది మా ఒక్క ఇంటి పొరపాటు కాదనిపిస్తుంది. సింధనూరు, మాన్వి, గంగావతి వైపు క్యాంపుల్లో ఏ ఇంట్లో పాత ఆల్బం తెరిచినా మనం గుర్తుపట్టేవి పుట్టింటి వైపు గుర్తులే. ఇప్పుడు కంప్యూటర్‌కి ఫోటో చూపించి అడిగినా అదే జరుగుతోంది. మేము మూడు ఫోటోలు పెడితే మూడింటికీ పేరున్న వంతెనే చెప్పింది. నలుగురూ ఎక్కువగా ఫోటో తీసిన చోటే దానికీ తెలుస్తుంది, మనకిలాగే.

నిజానికి గుర్తుపట్టడం అంత కష్టమేం కాదు. రాజమండ్రినే తీసుకోండి. 1900లో రైళ్లు మొదలైన హేవలాక్ వంతెన మీద 1997లో రైళ్లు ఆగిపోయాయి. పైన రోడ్డు, కింద రైలు వెళ్లే ఉక్కు వంతెన 1974లో వచ్చింది. కాంక్రీటు కమానుల వంతెన తొంభైల్లో కట్టింది. ఫోటోలో ఆ కమానులు కనిపిస్తుంటే అది తాతయ్య కాలం ఫోటో కాదని వెంటనే చెప్పొచ్చు.

కమానులు కనిపించగానే రాజమండ్రి అనుకోవడం ఇంకో పొరపాటు. మన దేవసూగూరు దగ్గర కృష్ణ మీద నిజాం కాలంలో, 1943లో పూర్తయిన రోడ్డు వంతెనకీ కమానులున్నాయి. దాని పేరు సిరాతె జూదీ. తేడా ఒక్కటే. రాజమండ్రిలో కమానులు రైలు పట్టాలకి పైన ఉంటాయి, దేవసూగూరులో రోడ్డుకి కింద ఉంటాయి. వరసగా షట్టర్లు కనిపిస్తే అది విజయవాడ ప్రకాశం బ్యారేజీ, 1957 తర్వాతి ఫోటో.

కృష్ణతో మన చిక్కు ఇంకా ఎక్కువ. ఫోటో వెనక "కృష్ణ బ్రిడ్జి" అని ఉంటే ఎక్కడి కృష్ణ? వాడి, సికింద్రాబాద్ మీదుగా వెళ్లినవాళ్లు రాయచూరు దాటిన కాసేపటికే కృష్ణ దాటుతారు. గుంతకల్లు, గుంటూరు మీదుగా వెళ్లినవాళ్లు ముందు తుంగభద్ర, చివర్లో విజయవాడ దగ్గర కృష్ణ దాటుతారు. 2013లో గద్వాల లైను కలిశాక, అటు నుంచి హైదరాబాద్ వెళ్లేవాళ్లు గద్వాల దాటాక ఇంకోచోట కృష్ణ దాటుతున్నారు. అంటే నది పేరు తెలిసినా సరిపోదు, ఏ దారిన వెళ్లారో తెలియాలి. అదే తిరగేస్తే, వంతెన గుర్తుపడితే మనవాళ్లు ఏ దారిన వెళ్లారో తెలుస్తుంది.

పొగగొట్టాలు ఇంకో గుర్తు. కృష్ణ ఒడ్డున శక్తినగర్ థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ 1985లో నడిచింది, కాబట్టి ఆ గొట్టాలున్న ఫోటో అంతకు మరీ పాతది కాదు. కానీ గొట్టాలు కనబడగానే శక్తినగర్ అనేయకండి. రాయచూరుకి ఇంకా దగ్గరగా యరమరస్ దగ్గర ఈమధ్య మరో థర్మల్ కేంద్రం వచ్చింది. స్టేషన్ బోర్డు ఉంటే అదృష్టమే. ఏ లిపి ఉందో చూడండి, కింద సముద్రమట్టం నుంచి ఎత్తు ఎంత రాశారో చూడండి. రాయచూరు నాలుగొందల మీటర్ల దరిదాపు, విజయవాడ ఇరవై మీటర్ల దరిదాపు. పేరు సగం తెగిపోయినా అంకె మిగిలితే చాలు. అక్షరాలు తిరగబడి కనిపిస్తే నెగటివ్‌ని తలకిందుల వైపు నుంచి ప్రింట్ చేశారని అర్థం. అప్పుడు కుడివైపు ఉందనుకున్న కొండ నిజానికి ఎడమవైపుది.

ఇదంతా చెప్తే ఇంట్లో ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు, కోప్పడినవాళ్లూ ఉన్నారు. పెద్దనాన్న అన్న మాట మాత్రం కొట్టిపారేసేది కాదు. "ఏ నదైతే ఏంట్రా? అమ్మ దండం పెట్టుకుంది. పుస్తకం అచ్చయిపోయింది. ఇప్పుడు తప్పు తప్పని ఎందుకు తవ్వుతారు?" అన్నారు. పోయినవాళ్ల ఫోటో ముందు కూర్చుని రాళ్లు, స్తంభాలు లెక్కపెట్టడం మాకూ ఇబ్బందిగానే అనిపించింది.

దానికి జవాబు మేము చెప్పలేదు, అత్తయ్య చెప్పింది. ఆ రోజు అదే పెట్టెలో ఉన్న మనిషి. మేము నది పేరు చెప్పాక ఆవిడకి నాయనమ్మ మాట గుర్తొచ్చింది. "గోదారికి చిన్నప్పట్నుంచీ వేస్తూనే ఉన్నాం. మన కాలవకి నీళ్లిచ్చేది ఈ తల్లేగా, దీనికీ వెయ్యొద్దూ?" అందట.

హోస్పేట దగ్గర డ్యాం కట్టి, ఎడమ కాలువలో నీళ్లు వదిలాకే కదా మనవాళ్లు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ క్యాంపులు వేసుకున్నది. వంతెన కింద నాయనమ్మ చూసిన నీళ్లు మన కాలువలకి మళ్లగా మిగిలిన నీళ్లు. వచ్చి అప్పటికి కొన్నేళ్లే. తిరిగి వెళ్లిపోదామా అని ఇంట్లో ఇంకా మాటలు నడుస్తున్న రోజులవి. ఆ సమయంలో ఆవిడ ఈ నదికి పైసా వేసింది. అది మన కుటుంబం ఇక్కడ ఉండిపోవడానికి ఆవిడ పెట్టిన సంతకం లాంటిది. మేము ఒక్క తప్పుడు వాక్యంతో ఆవిడని మళ్లీ రాజమండ్రి రైలెక్కించేశాం.

అందుకే నది ఏదైనా ఒకటే అంటే మేము ఒప్పుకోం. బయటివాళ్లు మనల్ని "ఆంధ్రావాళ్లు" అంటే నొచ్చుకుంటాం. మన ఆల్బంలో మాత్రం ఇక్కడి నదికి, ఇక్కడి వంతెనకి చోటివ్వం. ఇక్కడి ఊళ్లో పుట్టి, ఇక్కడి బళ్లో చదివిన మాలాంటివాళ్లకి ఆ ఆల్బంలో సొంత ఊరు కనబడదు. రాయచూరు కోట గోడలో నలభై ఒక్క అడుగులు దాటిన బండ మీద 1294 నాటి తెలుగు శాసనం ఉంది. కాకతీయుల కాలంలో గోరె గన్నయ్య రెడ్డి వేయించింది. ఆ రాయి అక్కడికి ఎలా చేరిందో పక్కన బొమ్మ కూడా చెక్కి ఉంది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఎలా, అన్నీ రాసి పెట్టారు. మనం ఒక ఫోటోకి ఆ మాత్రం చెయ్యలేమా?

మేము కోరేది కొంచెమే. ఫోటో కింద పేరు రాసేటప్పుడు ఎందుకలా అనుకుంటున్నామో కూడా ఒక ముక్క రాద్దాం. బోర్డు చూశామా, నెగటివ్ చూశామా, ఎవరైనా చెప్పారా? తెలియకపోతే "తెలియదు" అని రాసి వదిలేద్దాం. ఖాళీ చూస్తే ఎవరో ఒకరు నింపుతారు. నిండిపోయిన తప్పుని ఎవరూ తిరిగి తెరవరు. వెనక రాసిన మాటని మనకి తోచినట్టు దిద్దకుండా ఉన్నదున్నట్టు ఎత్తి రాద్దాం. ఫోన్ ఫోటోలైతే వాట్సాప్‌లో మామూలు ఫోటోలా పంపకండి, చోటు వివరాలు పోతాయి. డాక్యుమెంటుగా పంపండి.

2024లో సింధనూరు దాకా రైలు వచ్చింది. ఒకప్పుడు రాయచూరు దాకా బస్సులో పడి వెళ్లి ఎక్కినవాళ్లం, ఇప్పుడు మన స్టేషన్‌లోనే ఎక్కుతున్నాం. పిల్లలు కిటికీలోంచి వందల ఫోటోలు తీస్తున్నారు. వాటికి పేర్లు ఇప్పుడే రాయించండి.

నాయనమ్మ ఫోటో కింద ఇకనుంచి ఇలా ఉంటుంది: "1969. రాయచూరు, ఆదోని మధ్య తుంగభద్ర మీద. నెగటివ్ వరసని బట్టి. వెనక తాతయ్య రాత: హొళి దాటేప్పుడు." పెద్దనాన్న చదివి ఏమీ అనలేదు. కాసేపాగి, అట్టపెట్టెలో ఉన్న తన ఫోటోలు కూడా తీసుకెళ్లమన్నారు.