ఇంటి సంగతులు: ఓవెన్ శుభ్రం చేసేటప్పుడు

దీపావళికి జంతికలు, అరిసెలతో పాటు కేకులూ బిస్కట్లూ చేయడం ఈ దేశంలో మనకూ అలవాటైపోయింది. పండుగ వెళ్ళాక ఓవెన్‌లో మిగిలేది మాడిన జిడ్డు. దాన్ని వదిలేస్తే మళ్ళీ వెలిగించినప్పుడు పొగ, ఒక్కోసారి మంట.

ముందుగా ప్లగ్ ఊడదీద్దాం. గోడలో అమర్చిన ఓవెన్ అయితే మెయిన్ బోర్డులో దాని స్విచ్ దించాలి. చల్లారాకే చెయ్యి పెట్టాలి.

బల్లమీది చిన్న ఓవెన్‌కు సోడా ముద్ద పట్టించి, రాత్రంతా ఉంచి తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. సోడా అంటే వంట సోడా సుమా! కాస్టిక్ సోడా అల్యూమినియం ట్రేలను తినేస్తుంది. కంట్లో పడితే చూపుకే ముప్పు. అంగట్లో దొరికే ఓవెన్ క్లీనర్లు చాలావాటిలో ఉండేది అదే. తప్పనిసరిగా వాడవలసివస్తే రబ్బరు గ్లవ్స్, కళ్ళద్దాలు, తెరిచిన కిటికీలు ఉండాలి. వేడెక్కే కడ్డీలకు మాత్రం ఏదీ రాయకూడదు, నీళ్ళు తగలనివ్వకూడదు. అసలే ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. కడ్డీలోకి చెమ్మ దిగితే స్విచ్ వేయగానే ఇ.ఎల్.సి.బి. పడిపోతుంది. విసుక్కుని దాన్ని పదేపదే ఎత్తకండి; అది పడింది మనల్ని కాపాడడానికే. ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

మైక్రోవేవ్ ఇంకా తేలిక. గిన్నెడు నీళ్ళలో రెండు లిమావ్ కస్తూరి కాయలు కోసి వేసి, మూడు నిమిషాలు వేడిచేసి, తలుపు తీయకుండా కాసేపు ఆగితే జిడ్డు మెత్తబడుతుంది. పై డొప్ప మాత్రం విప్పరాదు. ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండవచ్చు.

తనంత తానే జిడ్డును కాల్చి బూడిద చేసుకునే ఓవెన్లు సుమారు 500 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతాయి. వాటికి ఏ మందూ పూయరాదు. పిల్లల్ని దూరంగా ఉంచండి. ఇంట్లో పెంపుడు చిలకలుంటే ఆ పూటకు పక్కింట్లో పెట్టండి. ఆ పొగకు పక్షులు చచ్చిపోగలవు.