ఇల్లు - వాకిలి: ఇన్వర్టరు బ్యాటరీ

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటినపుడు మా శ్రీకాకుళము సీమలో అనేక గ్రామములు దినములతరబడి చీకటిలో మునిగెను. మేము తొలిరాత్రియే పసివాండ్రకొఱకు పంకా త్రిప్పి బ్యాటరీని అడుగంట వాడితిమి. అందులకు విచారము లేదు. కాని కరెంటు వచ్చువఱకు అది ఖాళీగానే పడియుండి పాడయ్యెను.

బ్యాటరీ వాడుకొలది లోని సీసపు పలకలపై సల్ఫేటు పేరుకొనును. వెంటనే చార్జి చేసినచో కరగును. జాగు చేసినచో గట్టిపడి మఱి వదలదు. 12 వోల్టుల బ్యాటరీ 10.5 దరికి దిగగానే ఇన్వర్టరు సాధారణముగా తానే ఆగును. అప్పటికే బ్యాటరీ దాదాపు ఖాళీ! మరల మరల మీట నొక్కరాదు.

తుపాను దినములలో ఒక్క దీపముతో సరిపెట్టుకొని, సగము మిగిలియుండగనే ఆపుడు. ఊరకున్నను ఇన్వర్టరు కొంత విద్యుత్తును త్రాగుచునే యుండును గనుక దాని మీటను గూడ ఆర్పుడు.