బరువు గడిలో 60: హృద్రోగ విభాగాధిపతిగారికి బహిరంగలేఖ



గుండెపోటు తరువాత స్త్రీలకు రక్తస్రావ మధికమగుట సహజమనియు, మా అక్కగారి విషయమున చికిత్సాలోప మేమియు లేదనియు తేల్చుచు మీ కార్యాలయము పంపిన రెండు పంక్తుల ప్రత్యుత్తరమును, ఈ సోమవారము ఆమె మంచముప్రక్కనే కూర్చుండి చదివితిని. ఆ 'సహజ' మను మాటయే నాచే ఈ లేఖ వ్రాయించుచున్నది.

మీరెఱిగిన సంగతియే. అక్కగారి వయస్సు 68 ఏండ్లు, బరువు 44 కిలోలు. మీ కేసుషీటులో బరువు గడిలో 60 అని యున్నది. ఆమెను త్రాసు నెక్కించినవారు లేరు. వెంటనున్న కుమార్తె నడిగినవారును లేరు. రక్తము గడ్డకట్టనీయని హెపారిన్ కిలోల లెక్కను ఈయవలసిన మందు కాదా? స్టెంటు వేయుటకై తొడమూలమున పెట్టిన గొట్టము తీసినచోట ఇసుకసంచి పెట్టియుంచినను, తెల్లవాఱుసరికి నేరేడుపండు చాయ కమిలిక మోకాలిదాక దిగెను. రెండు సీసాల రక్త మెక్కింపవలసివచ్చెను. మణికట్టు ధమనినుండి స్టెంటు వేసినచో రక్తస్రావము తగ్గునని యెఱిగియు ఆ దారి నేల విడిచితిరి?

స్త్రీల కపాయ మధికమనుట సత్యమే. చిన్నదేహము, సన్నని ధమనులు, వయసుతో క్షీణించిన మూత్రపిండములు, రక్తహీనత, ఇవన్నియు కారణములే. కాని 2006లో వెలువడిన అమెరికాదేశపు క్రూసేడ్ పరిశీలనమున, ప్లేట్‌లెట్లను నిరోధించు సూదిమందు పొందినవారిలో స్త్రీలకు నూటికి 46 మందికిని, పురుషులకు 17 మందికిని మితిమీఱిన మోతాదు పడెననియు, ఆ స్త్రీల రక్తస్రావములలో నాలుగవవంతునకు ఆ అధికమోతాదే కారణమనియు తేలలేదా? ప్రకృతి చేసిన దెంత, కలము చేసిన దెంత యని విడదీసి చూడక 'సహజ' మని యెట్లు వ్రాసితిరి? రక్తమున క్రియాటినిన్ 1 గా నున్నప్పుడు, ఆమె వయస్సే గల 60 కిలోల పురుషునకు 60గా వచ్చు మూత్రపిండముల వడపోత లెక్క, ఆమె నిజమైన బరువును స్త్రీలకు వేయు 0.85 గుణకమును చేర్చినచో 37కు దిగునుగదా! ఆ లెక్క నెవరు వేసిరి? ఎవరును వేయనిచో, లోపము లేదని యెవరు నిశ్చయించిరి?

ఇది చదివి ఏ సోదరియు గుండెమందు మానరాదు. ఆ మందు ప్రాణదాయి, మా వివాద మంతయు మోతాదును గూర్చియే.

స్త్రీ దేహమును దాని కొలతలతోనే చూడుడని ప్రార్థన. అక్కగారి బరువు 44 కిలోలు. అడిగియుండిన చెప్పియుందుము.