పాత ఇంటి నంబరు చెరిపే ముందు

హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారంలలో పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టడం కొత్తేమీ కాదు. ఆ ఒక్క ఇంటికీ ఆస్తిపన్ను సంఖ్య, దస్తావేజు, కరెంటు సర్వీసు నంబరు వేర్వేరు శాఖల్లో ఉంటాయి. ఇల్లు పది ఫ్లాట్లయ్యాక ఒక శాఖ పాత రికార్డు తీసేసి, మరొకటి అలాగే ఉంచితే, అక్కడ మిగిలిన రికార్డు ఇప్పుడు లేని ఇంటికి దారి చూపిస్తూ ఉండిపోతుంది. చివరికి శాఖల చుట్టూ తిరిగి అలిసిపోయేది ఫ్లాటు కొన్నవాళ్లే. రికార్డులు ఒకదాన్నొకటి నేరుగా చూపించుకునే ఆబ్జెక్ట్ డేటాబేస్‌ల విషయంలో ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించారు. వాటి కోసం 1993లో వెలువడిన ఓడీఎంజీ ప్రమాణం సంబంధాన్ని రెండు వైపులా ప్రకటించమంది: ఉదాహరణకు ఫ్లాటు రికార్డు యజమానిని చూపితే, యజమాని రికార్డు ఫ్లాటును చూపాలి, ఒక కొస మారితే రెండోదాన్ని డేటాబేసే సరిదిద్దాలి. ఈ కాపలాను ప్రోగ్రామర్ జ్ఞాపకానికి వదలకూడదన్నదే నా వాదన.

ప్రతి మార్పుకీ తనిఖీ అంటే వేగం తగ్గుతుందంటారు. కొంత తగ్గుతుంది, నిజమే. కానీ ఇంటి రికార్డును చూసేది ఎన్నోసార్లు, మార్చేది ఎప్పుడో ఒకసారి. శాఖలు వేరు, డేటాబేస్‌లు వేరు అన్నది అంతకంటే గట్టి అభ్యంతరం. ఒక శాఖ డేటాబేస్ మరో శాఖ రికార్డుకు కాపలా కాయలేదు. అందుకే పాత నంబరును చెరపకుండా 'ముగిసింది' అని గుర్తుపెట్టి, దాన్నుంచి పుట్టిన ఫ్లాట్ల నంబర్లను అక్కడే రాయాలి. ఆ కబురు మిగిలిన శాఖలకూ చేరాలి. తెలంగాణ భూభారతి చట్టం భూమికి భూధార్ అనే గుర్తింపు సంఖ్య ఇవ్వాలంటోంది. ఆ భూమి రేపు ముక్కలైతే, పాత సంఖ్య అడిగినవారికి కొత్త సంఖ్యలు దొరకాలి.