చందవరం శిల్పం... వయా కాన్‌బెర్రా!

తర్లుపాడులో గుంటూరు వైపు వెళ్లే రైలెక్కితే మార్కాపురం రోడ్డు, గజ్జెలకొండ దాటాక దొనకొండ వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే గుండ్లకమ్మ ఒడ్డున ఉంది చందవరం. ఆ ఊరి రాతి పలక ఒకటి సముద్రాలు దాటి ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీకి చేరిందంటే నమ్మగలరా?

చందవరం కొండమీది బౌద్ధస్తూపాన్ని 1964లో పురావస్తు శాస్త్రవేత్త వి.వి.కృష్ణశాస్త్రి గుర్తించారు. 1970ల్లో తవ్వకాలు జరిగాయి. రెండు అంతస్తుల వేదికతో కట్టిన మహాస్తూపం, దానికి తాపడం చేసిన సున్నపురాయి శిల్పఫలకాలు బయటపడ్డాయి. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం నుంచి నాలుగు వందల ఏళ్లపాటు అక్కడ బౌద్ధం వెలిగిందని పరిశోధకుల అంచనా. దొరికిన శిల్పాలను ఆ పక్కనే చిన్న మ్యూజియంలో భద్రపరిచారు.

ఊరికి దూరంగా ఉన్న చోటు. దొంగల కన్ను పడింది. 2000-01 ప్రాంతంలో అక్కడ చోరీలు జరిగాయి. పోయినవాటిలో బుద్ధుణ్ని కొలుస్తున్న భక్తుల శిల్పం ఒకటి. అది న్యూయార్క్‌లోని ఓ వ్యాపారి చేతికి చేరింది. 2005లో కాన్‌బెర్రా గ్యాలరీ దాన్ని 5,95,000 డాలర్లకు కొంది. అప్పటి లెక్కలో రెండున్నర కోట్ల రూపాయల పైమాటే!

ఆ తరవాత తమిళనాడులోని శ్రీపురందాన్ గుడి నుంచి దొంగలెత్తుకెళ్లిన నటరాజ విగ్రహం కూడా అదే గ్యాలరీలో ఉందని తేలింది. 2014లో ఆస్ట్రేలియా దాన్ని మనకు తిరిగిచ్చింది. గ్యాలరీవాళ్లు తమ దగ్గరున్న మిగతా ఆసియా కళాఖండాల పుట్టుపూర్వోత్తరాలనూ తిరగేయడం మొదలెట్టారు. భక్తుల శిల్పం గుట్టు విప్పింది మాత్రం ఓ పాత ఫొటో. చోరీకి ముందు చందవరంలోనే తీసిన ఆ ఫొటోలో ఉన్నదీ, గ్యాలరీలో ఉన్నదీ ఒకటే! ఇక కాదనడానికి లేకపోయింది. 2016 సెప్టెంబరులో ఆస్ట్రేలియా ఆ శిల్పాన్ని భారత ప్రభుత్వానికి అప్పగించింది.

గమనించారా? తాళాలు కాపాడలేని శిల్పాన్ని ఓ ఫొటో వెనక్కి రప్పించింది. ఫలానా రాయి ఫలానా చోట ఉండేదని చూపించే ఆధారం లేకపోతే, మనదని ఎంత మొత్తుకున్నా వినేవాళ్లుండరు. గుడి వెనక వీరగల్లు, చెరువుగట్టున శాసనం, చేలో తలలేని విగ్రహం... మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో ఇలాంటివి ఎన్నో ఊళ్లలో కనిపిస్తాయి. ఈసారి సెలవుల్లో పిల్లలతో వాటికి ఫొటోలు తీయించండి. ఎక్కడ ఉందో, ఏ తేదీన తీశారో వెనకాల రాయించండి. ఎప్పుడో ఒకప్పుడు ఆ కాగితం ముక్కే ఊరి తరఫున సాక్ష్యం చెప్పొచ్చు.